పురుగు లేని పిందెకు పురుగుమందు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మ కాలం నుంచి గింజ దాచుకుంటున్న నాటు ఖర్బూజను జనవరి ఆఖరులో పెరట్లో నాలుగు పాదులు పెట్టాము. పూత బాగా ఉన్నా పిందెలు గోలీకాయంత కాగానే పసుపు తిరిగి రాలుతున్నాయి. పండు ఈగ అనుకుని ఎర బుట్ట కట్టి, దుకాణంలో ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్‌ను ఉదయం పూట మూడుసార్లు పిచికారీ చేశాను. రాలిన పిందెలను కోస్తే లోపల పురుగు లేదు. నిలిచిన ఒక్క కాయ కూడా చప్పగా ఉంది. పక్క మడిలోని దోస పుప్పొడి కలిసిందా?
– ఒక రైతు, కడప జిల్లా

జవాబు: పిందెలో పురుగు లేదని మీరే రాశారు కాబట్టి ఇది పండు ఈగ పని కాదు. ఈగ కుట్టిన పిందెపై సూదిమొనంత గాటు, దాని నుంచి కారిన జిగురు కనిపిస్తాయి. మీ పాదుల్లో పరాగ సంపర్కం జరగలేదు. ఖర్బూజ పువ్వు విచ్చుకునేది ఒక్క రోజే. తేనెటీగలు దానిపై వాలే ఉదయం పూటనే మీరు వాటిని చంపే మందు కొట్టారు, పైగా అది మొక్కలోకి ఇంకి పుప్పొడికి, మకరందానికీ చేరే మందు. నాలుగు పాదుల పెరటికి ఇంత మందు అంటగట్టిన దుకాణదారు రాలిన పిందెను ఒక్కటైనా కోసి చూశారా? ఇక పిచికారీ ఆపండి.

ఉదయం 6 నుంచి 9 గంటల మధ్య, అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి, రెక్కలు తుంచి, అడుగున పిందె ఉన్న పువ్వు కీలాగ్రానికి, అంటే ఆ పువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే కొనకు, మెల్లగా రాయండి. ఒక్కో పిందెకు రెండు మగపూలు వాడి, పాదుకు మూడు నాలుగు కాయలే ఉంచండి. బుట్టలోని ఎర మామిడికి వాడే మిథైల్ యూజినాల్ అయితే తీసేయండి. దోస జాతి తీగలపై వాలే ఈగకు క్యూలూర్ అనే ఎర కావాలి.

మీ దోస కీర కాక కూర దోస అయితే, అది, ఖర్బూజ ఒకే జాతివి కనుక కలుస్తాయి, కానీ ఆ కలయిక ఈ కాయ కండలో కాక దాని గింజ వేసిన తరువాతి పంటలో బయటపడుతుంది. నిరుడు కూడా పక్కన దోస ఉండి ఉంటే గింజను అనుమానించండి. లేకుంటే కాయను ముందుగా కోయడమో, పక్వానికి వచ్చే వేళ నీరు ఎక్కువ పెట్టడమో కారణం. కోసిన తరువాత ఖర్బూజ మెత్తబడుతుందే గాని తీపెక్కదు. కోతకు వారం ముందు నుంచి నీరు తగ్గించి, తొడిమ చుట్టూ సన్నని పగులు వచ్చి, వాసన తగిలి, బొటనవేలితో నెడితే కాయ ఊడివచ్చినప్పుడే తీయండి.

గింజకు ఉంచదలచిన కాయ కోసం రేపు విచ్చుకోబోయే మగ, పిందె మొగ్గలకు సాయంత్రమే కాగితపు సంచి తొడిగి, ఉదయం పుప్పొడి రాసి, పిందె పువ్వుకు మళ్లీ రెండు రోజులు సంచి కప్పండి; ఇంట్లోవాళ్లు తినేయకుండా ఆ కాయ కాడకు ఒక ఎర్ర దారం కట్టండి.