ఫ్లూ లెక్క రాసే డాక్టరమ్మకు

బిడ్డా,

దేవరకొండలో క్లినిక్ పెట్టి ఏడాది తిరగకముందే ఫ్లూ లెక్క, అంటే నీ దగ్గరికి ఫ్లూ లక్షణాలతో ఎంతమంది వచ్చారో వారం వారం రాసి పంపే పని, ఒప్పుకున్నావట. "పైసా రాని పని నెత్తికెత్తుకుంది" అని మీ నాయన ఫోన్‌లో ఒకటే గొణుగుడు. వాడి మాట పట్టించుకోకు. ఫ్రాన్స్‌లో 1984 నుంచి మామూలు క్లినిక్ డాక్టర్లు ఊరికే ఇస్తున్న లెక్క ఇది. అమెరికాలోనూ వారం వారం పంపేది వాలంటీర్ డాక్టర్లే. రోగి పెద్దాసుపత్రిలో మంచమెక్కేసరికి జబ్బు సగం ఊరు తిరిగి ఉంటుంది. ముందు తెలిసేది నీ ఓపీ గదిలోనే.

ఎవరిని లెక్కలో వేయాలన్నదే మొదటి చిక్కు. మనవాళ్లకు ప్రతిదీ వైరల్ ఫీవరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం థర్మామీటర్‌లో 38 డిగ్రీలు, అంటే మనం చూసే 100.4, లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. దగ్గు ఉండాలి. మొదలై పది రోజులు దాటకూడదు. వానాకాలంలో డెంగీ, చికున్‌గున్యా కూడా ఫ్లూతో కలిసే వస్తాయి. కీళ్లు పట్టేసి మనిషి లేవలేకపోయినా, దగ్గు లేకపోతే ఇందులో కలపకు. పత్తి ఏరి దుమ్ముకు దగ్గుతూ వచ్చే ఆడవాళ్లకు జ్వరం లేకపోతే వాళ్లనూ అంతే.

తండాల నుంచి వచ్చేవాళ్లు చాలామంది ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని, పారాసిటమాల్ మింగి వస్తారు. నీ ముందు కూర్చునేసరికి ఒళ్లు చల్లగా ఉంటుంది. రాత్రంతా పిల్లవాడి ఒళ్లు కాలిపోయిందని తల్లి చెబుతుంది, నిజమే చెబుతుంది. అయినా నువ్వు కొలిచిన జ్వరం కాదు కాబట్టి ఆ గడిలో రాయకు. పక్కన పెన్సిల్‌తో వేరే గీత పెట్టుకో. ఒకసారి జాలిపడి సడలిస్తే ఈ వారానికీ పోయిన వారానికీ పోలికే ఉండదు.

ఇక నేను ఈ లెక్క పంపే రోజుల్లో చేసిన తప్పు చెబుతాను. జ్వరాలు, దగ్గులే లెక్కపెట్టేవాణ్ణి, మొత్తం ఎంతమంది వచ్చారో రాసేవాణ్ణి కాదు. ఒక బతుకమ్మ వారం ఫ్లూ తగ్గిందని పంపాను. తగ్గింది ఫ్లూ కాదు, జనం! ముందు వారం 120 మందిలో 18 అనుకో, నూటికి 15. పండగ వారం 60 మందిలో 12 అనుకో, నూటికి 20. హైదరాబాద్ నుంచి బస్సుల్లో కిక్కిరిసి వచ్చినవాళ్లు ఇంటింటికీ అంటిస్తుంటే, 12 అంకె చూసి నేను నిమ్మళంగా కూర్చున్నాను. అందుకే బీపీ చూపించుకునే ముసలాయన దగ్గర నుంచి కుట్లు విప్పించుకునే కుర్రాడి దాకా అందరినీ మొత్తంలో రాయించు. కాంపౌండర్‌కు ఒక పొడుగు నోట్‌బుక్ ఇవ్వు, చీటీ రాసేటప్పుడే గీత, వయసు పడాలి. రాత్రి గుర్తు చేసుకుని రాసేది లెక్క కాదు, కథ.

ల్యాబుకు పంపడానికి ముక్కు, గొంతు నుంచి శాంపిల్ కూడా తీయమన్నారంటే, జబ్బు మొదలైన మూడు నాలుగు రోజుల్లోపు వచ్చినవాళ్లకే తీయి. బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లనే ఏరుకోకు, రోజూ మొదట వచ్చిన ఇద్దరని పెట్టుకో. ట్యూబును ఐస్ బాక్సులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచు. ఇంటి ఫ్రిజ్ పైన ఐస్ గడ్డకట్టే అరలో పెట్టావో, వైరస్ పాడవుతుంది. గర్భిణులకు, ముసలివాళ్లకు ఫ్లూ అని అనుమానం వస్తే రిపోర్టు కోసం ఆగకు, మందు మొదలుపెట్టు. ఆ రిపోర్టు ఏ రకం ఫ్లూ వైరస్ తిరుగుతోందో తెలియడానికి. ఇలా దేశదేశాల ల్యాబుల్లో తేలినవాటిని చూసే ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ రకాలు ఉండాలో నిర్ణయిస్తారు.

ఒక్క కేసూ రాని వారం సున్నా అని రాసి పంపు, సిగ్గుపడకు. ఊరెళ్లి క్లినిక్ మూస్తే మాత్రం సున్నా వేయకు, మూసి ఉందని రాయి.

నీ పెద్దబాపు,
నల్లగొండ