సర్వీసులో ఉన్న అటవీ గార్డుకు పద్మశ్రీ: సమాధానం

ఒడిశాలోని గంజాం జిల్లాలో అటవీ గార్డుగా ఉన్న మీ మామయ్యగారి పేరు పద్మశ్రీకి పంపబోతే ఎవరో కుదరదన్నారని రాశారు. ఆ మాట నిజమే, కానీ సగమే. సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు పద్మ పురస్కారాలకు అర్హులు కారు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రమే మినహాయింపు. వచ్చే ఏడాది ఆయన రిటైరవుతారన్నారు కదా, ఆ తరువాత నిక్షేపంగా పంపండి. కేంద్ర ప్రభుత్వ పురస్కారాల పోర్టల్‌లో ఎవరైనా ప్రతిపాదించవచ్చు.

అసలు కష్టమంతా ప్రతిపాదనతో పాటు రాయాల్సిన, 800 పదాలకు మించకూడని వివరణలోనే ఉంది. మనవాళ్లు దాన్ని ‘ప్రకృతి ప్రేమికులు, నిస్వార్థ సేవకులు’ అంటూ నింపేస్తారు (మా బరంపురం సన్మానపత్రాలన్నీ ఇంతే!). అలా వద్దు. రుషికుల్య నది సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రాత్రుల్లో ఆయన ఏం చేశారో రాయండి: ఏ ఏడాది, ఎంత మేర తీరం కాశారు, కుక్కల బారి నుంచి గూళ్లను ఎలా కాపాడారు, తాబేలు పిల్లలు దీపాల వెలుతురుకు సముద్రం వదిలి ఊరివైపు పాకకుండా ఏం చేశారు. పాత డ్యూటీ డైరీలుంటే ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఈలోగా ఏదైనా సంఘం సన్మానం చేస్తామంటే మాత్రం, ముందుగా పై అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోమనండి. ప్రవర్తనా నియమావళితో చిక్కు రాకుండా ఉంటుంది.