క్లోవిస్ మొనల వంశవృక్షం: చిక్కంతా పొడవుతోనే

సుమారు 13,000 ఏళ్ల నాటి అమెరికా క్లోవిస్ రాతి మొనలకు (పాతకాలపు ఈటె మొనలు) మీ లక్షణాల టేబుల్‌ని కంప్యూటర్‌లో రన్ చేసి, ఏది దేని నుంచి వచ్చిందో చూపే వంశవృక్షం గీస్తే పొట్టివన్నీ ఒక కొమ్మకు, పొడుగువన్నీ ఇంకో కొమ్మకు చేరుతున్నాయని మీ పోస్టులో అన్నారు కదా. పొడవును నమ్మకండి. ఈటె మొన మొద్దుబారితే కర్రకు కట్టి ఉండగానే అంచులు చెక్కి మళ్లీ పదును పెట్టేవారు, పెన్సిల్ చెక్కినట్టు. కాబట్టి ఆ రెండూ ఒకే రకం కావచ్చు, ఒకటి ఎక్కువ వాడింది, అంతే.

అడుగు భాగం చూడండి. కట్టు లోపల ఉండేది కాబట్టి అంతగా మారదు. అడుగు అంచు లోపలికి ఎంత వంగింది? అక్కడి నుంచి పైకి చెక్కిన గాడి ఉందా? 2001లో పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ ఓబ్రియన్ బృందం ఆగ్నేయ అమెరికా మొనలకు వృక్షం వేసినప్పుడు ఇలాంటి లక్షణాలనూ వాడింది. ఇంకోటి, అన్నిట్లో ఉన్న పాత లక్షణం చుట్టరికం చెప్పదు. మధ్యలో కొత్తగా పుట్టి కొన్నిట్లోనే కనిపించేదే చెబుతుంది.

పొడవు కాలమ్ తీసేసి మళ్లీ రన్ చేయండి. అప్పటికీ తేడాగా వస్తే మీ టేబుల్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.