రిఫైనరీ వచ్చాక మల్కాపురంలో చదువులు ఎలా మారాయి?

1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ కంపెనీ రిఫైనరీ (ముడిచమురును శుద్ధిచేసే కర్మాగారం) మొదలయ్యాక, దాని చుట్టుపక్కల ఉన్న మల్కాపురం, శ్రీహరిపురం పిల్లల చదువులు నిజంగా బాగుపడ్డాయా అని మీరు అడిగారు. అక్కడే పుట్టి, అక్కడి తెలుగు మీడియం బడిలో 1976లో పదో తరగతి పూర్తిచేసినవాడిగా నాకు తెలిసినంత రాస్తున్నాను. నా అనుభవంలో, బళ్ల సంఖ్య కన్నా ముందు చదువు ఎందుకన్న ఆలోచన మారింది.

విశాఖలో పాత బళ్లకు కొదవ లేదు. సెయింట్ అలోషియస్ 1847 నాటిది. ఏవీఎన్ కళాశాల 1860లో బడిగానే మొదలైంది. కానీ అవన్నీ హార్బరుకు అవతల, పట్నంలో ఉన్నవి.

ఉద్యోగంలో చేరేటప్పుడు పుట్టినతేదీ ధ్రువీకరణ కోసం మా బడికి వెళ్లాను. గుమాస్తా గారు పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిచి, నా పేరు కోసం ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే పక్కన నిలబడి చూశాను. తండ్రి వృత్తి అన్న గడిలో మొదటి పేజీలన్నీ వ్యవసాయం, చేపల వేట, కూలి అని ఉన్నాయి. తరువాతి పేజీలలో కళాసీ (కర్మాగారంలో సహాయక కూలి), వాచ్‌మన్, ఫిట్టర్ కనిపించాయి. నా పేరుకు ఎదురుగా, సిరా కాస్త వెలిసిపోయి, కళాసీ అని ఉంది.

కాల్టెక్స్ వారి కర్మాగారంలో కళాసీగా పనిచేసిన మా నాన్న, కొడుకు ఫిట్టరైతే చాలనుకున్నారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం వల్ల కర్మాగారాలు శిక్షణకు కుర్రవాళ్లను తీసుకోవలసి రావడంతో, కంచరపాలెం ఐటీఐలో సీటు మా వీధిలో కాలేజీ సీటుతో సమానమైంది. 1969లో రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చి, బడి చదువు పదో తరగతితో ముగియడం కూడా మాలాంటివారికి కలిసివచ్చింది.

మా సైన్సు మాస్టారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. అంశిక స్వేదనం, అంటే ద్రవాన్ని మరిగించి ఆవిరులను వేర్వేరు భాగాలుగా చల్లబరిచి వేరుచేయడం, పాఠం చెప్పిన నాడు ఆయన నల్లబల్ల మీద ముందుగా సారా బట్టీ బొమ్మ వేశారు: కుండ, గొట్టం, చన్నీళ్లు. దాని పక్కనే నిలువు స్తంభం గీసి, కాగిన ముడిచమురు ఆవిరులలో తేలికవి పైకి పోతాయని, పెట్రోలు ఎగువన, కిరోసిను దాని దిగువన, డీజిలు ఇంకా కింద చల్లబడి ద్రవమవుతాయని, బరువైన నూనె అడుగున మిగులుతుందని చెప్పారు. అప్రెంటిస్‌గా చేరాక ఇంగ్లీషు మాన్యువల్ చేతికిచ్చినప్పుడు మాటలు తెలియకపోయినా బొమ్మ తెలిసింది.

బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఆఫీసర్ల పిల్లలు మొదటినుంచీ ఇంగ్లీషు మీడియంలోనే చదివేవారు. 1976లో ప్రభుత్వం కాల్టెక్స్‌ను స్వాధీనం చేసుకుని, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిపిన తరువాత కూడా ఆ తేడా చాలాకాలం ఉంది. ఆడపిల్లల మాట అడిగితే నాకు బాధే. నాకన్నా బాగా చదివే మా అక్కను ఏడో తరగతితో మాన్పించారు, ఎందుకంటే కళాసీ, ఫిట్టర్ పనులలో ఆడపిల్లకు చోటుందని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మీరు ఈ చరిత్ర రాయదలిస్తే అక్కడి పాత బళ్లకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆ రిజిస్టర్లు చూడండి. తండ్రి వృత్తితో పాటు, బడి మానిన తేదీ ఉన్న గడిని, ముఖ్యంగా ఆడపిల్లల పేర్ల ఎదుట, తప్పక చదవండి.