మెరిటోక్రసీని తెలుగులో ఏమనాలి?

సందేహం: మెరిటోక్రసీ అంటే ప్రతిభాస్వామ్యం అని ఒకచోట చదివాను, మా ఫ్రెండేమో యోగ్యతాపాలన అనాలంటాడు. ఏది కరెక్టండీ? నాయకుల్ని మెరిట్ చూసి ఎన్నుకోవాలి అంటారే, ఆ మెరిట్ అంటే ఏంటి?

సమాధానం: మెరిటోక్రసీ అంటే పుట్టుకనో డబ్బునో కాక మెరిట్ చూసి పదవులు, అధికారం ఇచ్చే పద్ధతి. దానికి మీ ఫ్రెండ్ చెప్పిన మాటే సరైంది అంటాను. మెరిట్ అనగానే మనకి ర్యాంకులు, మెరిట్ లిస్టు గుర్తొస్తాయి, అందుకే ప్రతిభ అనేస్తున్నాం. కానీ "ఆమెకి ప్రతిభ ఉంది" అంటే మాట అక్కడితో పూర్తయిపోతుంది, "ఆమెకి యోగ్యత ఉంది" అంటే మాత్రం దేనికి అని వెంటనే అడుగుతాం. నాయకుల విషయంలో అడగాల్సిన ప్రశ్న అదే కదా. పైగా యోగ్యుడు అంటే మంచివాడు అనే వాడుక కూడా మనకుంది, అదీ ఇక్కడ కలిసొస్తుంది.

వాక్యానికి ఆకాంక్ష (ఒక మాట ఇంకో మాటని కోరడం), యోగ్యత (మాటల అర్థాలు ఒకదానికొకటి అతకడం), సన్నిధి (మాటలు దగ్గరదగ్గరగా ఉండడం) ఉండాలని మన శాస్త్రాలు చెప్తాయి. "నిప్పుతో మొక్కల్ని తడిపాడు" అనే వాక్యం చూడండి, విభక్తి సరిగ్గానే ఉంది, క్రియ సరిగ్గానే ఉంది, అయినా అతకదు, ఎందుకంటే తడపడానికి నిప్పుకి యోగ్యత లేదు. నిప్పు తక్కువదని కాదు, వంటకి అదే కావాలి. పరీక్ష బాగా రాసినవాళ్ళంతా ఊళ్ళో నీళ్ళ తగాదా తీర్చగలరని అనుకోలేం, అంతే.

కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో 10వ శతాబ్దం నాటి చోళ శాసనం ఒకటుంది, మొదటి పరాంతకుడి కాలం నాటిది. గ్రామసభ కమిటీల్లోకి రావాలంటే వయసు 35 నుంచి 70 లోపు ఉండాలి, పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడే కాదు, వాడి దగ్గరి బంధువులు కూడా పనికిరారు. ఆ లెక్కల షరతు నాకు చాలా నచ్చుతుంది, అది నిజమైన యోగ్యత. కానీ అదే శాసనం పన్ను కట్టే సొంత భూమి, వేదం చదువు కూడా అడిగింది, అంటే ఊళ్ళో చాలామందిని గుమ్మం బయటే ఆపేసింది. కొలిచే కర్ర ఎవరి చేతిలో ఉందో చూసుకోకపోతే యోగ్యత అన్న మాట కూడా ఇలాగే పాడవుతుంది. అసలు మెరిటోక్రసీ అనే మాటకి 1958లో ప్రచారం తెచ్చిన బ్రిటిష్ సోషియాలజిస్టు మైఖేల్ యంగ్ దాన్ని మెచ్చుకుంటూ వాడలేదు, ఇలా చేస్తే కొత్త అగ్రవర్గం పుడుతుందని హెచ్చరించడానికే వాడాడు.

ఇక ప్రతిభాస్వామ్యం. స్వామ్యం అంటే యాజమాన్యం, ఆ లెక్కన ప్రతిభ ఉన్నవాళ్ళే దేశానికి యజమానులు అయిపోతారు, నాకది ససేమిరా ఒప్పుదల కాదు. ప్రజాస్వామ్యంలో యజమానులు ప్రజలే. లోక్‌సభకి పోటీ చేయడానికి రాజ్యాంగం కనీసం 25 ఏళ్ళు ఉండాలంది గానీ డిగ్రీ అడగలేదు. చట్టం చూసేది అర్హత, యోగ్యత చూడాల్సింది ఓటు వేసే మనం, ఈ రెండు మాటల్నీ కలిపేయకండి.

రాతలో యోగ్యతాపాలన అనండి, మాటల్లో అయితే యోగ్యుల పాలన అంటే ఎవరికైనా అర్థమవుతుంది.