డేటా తాగేస్తున్న ల్యాప్‌టాప్

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న ఫోనులో రోజుకు 1.5 జీబీ వస్తుంది. హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌లో అరగంట నోట్సు చదివానో లేదో, డేటా అయిపోయిందని సందేశం వస్తోంది. వీడియోలు చూడలేదంటే నాన్న నమ్మడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఈ పేజీ నాన్నగారికి చూపించండి. హాట్‌స్పాట్ కూడా ల్యాప్‌టాప్‌కు మామూలు వైఫైలాగే కనిపిస్తుంది. అడిగేవాళ్లు లేరన్నట్టు విండోస్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ మొదలవుతాయి. మిర్యాలగూడలో మా అక్క ఇంట్లో ఒక్క ఈమెయిల్ పంపబోయి, పెళ్లి ఫోటోలన్నీ బ్యాకప్‌కు ఎక్కుతుంటే నోరు తెరుచుకుని చూశాను నేను.

సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’కు వెళ్లి, వైఫైలో మీ ఫోను పేరు మీద నొక్కి, ‘మీటర్డ్ కనెక్షన్’ (అంటే డేటాను లెక్కగా వాడాల్సిన కనెక్షన్) ఆన్ చేయండి. అప్‌డేట్లు చాలావరకు ఆగిపోతాయి. ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే మాత్రం విండోస్ దాన్ని ఈథర్‌నెట్ (తీగతో వచ్చే నెట్) కింద లెక్కేస్తుంది. అక్కడ మళ్లీ విడిగా ఆన్ చేయాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

‘డేటా యూసేజ్’ తెరిస్తే ఏ ప్రోగ్రాం ఎంత వాడిందో అంకెలతో సహా కనిపిస్తుంది. నాన్నగారి ముందు పెట్టడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? పాఠాల వీడియోలు చూడాల్సివస్తే నాణ్యతను 480కి తగ్గించుకోండి, బోర్డు మీది అక్షరాలు బాగానే కనిపిస్తాయి. అప్‌డేట్లను మాత్రం పూర్తిగా మానకండి. నెలకోసారి కాలేజీ వైఫైలో కానివ్వండి.