టెస్టింగ్ అంటే బటన్లు నొక్కుడేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె, మిర్చి రైతును. మా బిడ్డ హన్మకొండలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. డెవలపర్ కొలువు వద్దు, 'ఫజింగ్' నేర్చుకుంటానంటోంది. టెస్టింగ్‌కు విలువ లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. లక్ష పెట్టి కోర్సులో చేర్పించాలా?

జవాబు: లక్ష పెట్టకండి. దీనికి కావలసిన పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి.

మీవాళ్లు చెప్పే టెస్టింగ్ వేరు. రాసిచ్చిన పట్టీ చూసుకుంటూ బటన్లు నొక్కే పని అది. ఫజింగ్‌లో ఆ నొక్కుడంతా ప్రోగ్రామే చేస్తుంది. అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లను లక్షల్లో పుట్టించి సాఫ్ట్‌వేర్ మీదికి తోస్తుంది, ఎక్కడ కూలుతుందో పట్టుకుంటుంది. ఏనుమాముల మార్కెట్‌లో ఖరీదుదారు పైకాయ చూసి ధర చెప్పడు కదా, బస్తా అడుక్కి చేయి పెడతాడు. 'ఏఎఫ్ఎల్' అనే ఫజర్ (ఫజింగ్ చేసే ప్రోగ్రామ్) కూడా అంతే. ఏ ఇన్‌పుట్‌తో కోడ్‌లో కొత్త దారి తెరుచుకుందో దాన్ని దాచుకుని, దాన్నే మార్చి మార్చి ఇంకా లోపలికి పోతుంది. దాన్ని తయారుచేసినాయన 2014లో బొమ్మలు చదివే ఒక ప్రోగ్రామ్ మీదికి 'హలో' అన్న ఒక్క మాట ఇచ్చి వదిలేస్తే, కొన్ని గంటలకే సరైన జేపెగ్ (ఫొటో ఫైలు) బొమ్మలు పుట్టించడం మొదలుపెట్టింది!

అసలీ విద్య గాలివానలో మొదలైంది. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఇంటి నుంచి ఫోన్ లైన్ మీద యూనివర్సిటీ కంప్యూటర్‌లో పనిచేస్తుంటే, వానకు చెత్త అక్షరాలు దూరి ప్రోగ్రాములు ఆగిపోయాయి. తర్వాత విద్యార్థులతో కావాలనే అలాంటి చెత్త పంపించి చూస్తే, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాముల్లో దాదాపు పావు వంతు పడిపోయాయి.

ఇక కొలువు సంగతి. ఫజింగ్ పేరుతో ఫ్రెషర్లను తీసుకోవడం అరుదు. డెవలపర్‌గానో, సెక్యూరిటీ టీమ్‌లోనో చేరి ఈ పని చేస్తారు. కాబట్టి డెవలపర్ దారి వదలొద్దని అమ్మాయికి చెప్పండి. సీ, సీ++ ప్రోగ్రామింగ్ భాషలు గట్టిగా రావాలి. పాయింటర్లు, మెమరీ అర్థం కాకపోతే ఫజర్ పట్టిచ్చిన క్రాష్ చేతిలో ఉన్నా కారణం చెప్పలేదు. నా దగ్గరికొచ్చే పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే.

సెలవుల్లో చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా చూసి వాడుకోగల రెడీమేడ్ కోడ్) ఒకటి తీసుకుని, సొంత ల్యాప్‌టాప్‌లో దాని మీద ఏఎఫ్ఎల్++ (ఏఎఫ్ఎల్‌కు కొత్త రూపం) రాత్రంతా నడపమనండి. తప్పు దొరికితే, ఏ ఇన్‌పుట్‌తో వచ్చింది, ఎందుకొచ్చింది రాసి ఆ లైబ్రరీ నడిపేవాళ్లకు పంపాలి. వాళ్లు సరిచేసిన లింకు రెజ్యూమేలో ఉంటే నేనైతే పది సర్టిఫికెట్లను పక్కన పెడతాను. కాలేజీ రిజల్ట్స్ సైట్ మీద మాత్రం సరదాకు కూడా ప్రయోగించొద్దు. అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం కింద కేసు దాకా పోవచ్చు.

ఆ లక్షలో కొంత ఖర్చు పెట్టాలనే ఉంటే మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి. పాతదాన్ని రాత్రంతా తిప్పితే వేడికి ఆగిపోతుంది.